గంజాయి వల్ల వచ్చిందా, జబ్బే మొదలైందా? విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మానసిక సమస్యతో వచ్చినవాళ్ళ ఇంటివాళ్ళతో కూర్చుని, డాక్టర్ చెప్పింది ఇంటి భాషలో విడమరచి చెప్పడం నా పని. గాజువాక నుంచి వచ్చినా, మధురవాడ హాస్టల్ నుంచి వచ్చినా, పాడేరు ఘాట్ దిగి వచ్చినా అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఇది చదివి మాత్రలు మొదలుపెట్టడం, ఆపేయడం మాత్రం చేయకండి.

## ఇంట్లో మొదట తెలిసినప్పుడు

సైకోసిస్ అంటున్నారు. అంటే పిచ్చేనా అండీ?

లేని మాటలు వినిపించడం, లేనివి కనిపించడం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మడం, ఎంత నచ్చజెప్పినా ఆ నమ్మకం సడలకపోవడం, మాటకీ మాటకీ పొంతన లేకపోవడం: ఇలాంటివి ఉంటే డాక్టర్లు సైకోసిస్ అంటారు. జ్వరం మలేరియాలోనూ వస్తుంది, టైఫాయిడ్‌లోనూ వస్తుంది. సైకోసిస్ కూడా అంతే. గంజాయి వల్ల రావచ్చు, మద్యం వల్ల రావచ్చు. స్కిజోఫ్రీనియాలో (అనుమానాలు, లేని మాటలు వినిపించడం నెలల తరబడి ఉండిపోయే జబ్బు), బైపోలార్‌లో (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు), బాగా ముదిరిన డిప్రెషన్‌లో, కాన్పు అయిన కొత్తల్లో, మెదడుకి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు కూడా రావచ్చు. అది ఉందని తేల్చడం కష్టం కాదు. ఎందుకు వచ్చిందో తేల్చడానికే టైమ్ పడుతుంది.

మా వాడు సెట్‌టాప్ బాక్స్‌కి దుప్పటి కప్పేశాడు. ఫోన్లో సిమ్ తీసి పారేశాడు. "అందరూ నన్ను వింటున్నారు" అంటున్నాడు. మత్తు ఎక్కువైతే ఇలా అవుతుందా?

అవుతుంది. గంజాయి ఎక్కువైనప్పుడు గుండె దడ, చచ్చిపోతానేమో అన్న భయం, అందరూ తననే చూస్తున్నారన్న అనుమానం కొన్ని గంటలు ఉండి పోతాయి. దిగాక చాలామంది "ఏదేదో అనిపించింది" అని వాళ్ళే ఒప్పుకుంటారు. మీరు చూడాల్సింది ఆ తర్వాతి సంగతి. మత్తు పూర్తిగా దిగి, ఒక రాత్రి నిద్రపోయి లేచాక కూడా దుప్పటి తీయనివ్వకపోతే, రెండు రోజులు దాటినా అదే మాట మీద ఉంటే, అది మత్తు కాదు. సైకియాట్రిస్ట్‌కి చూపించాలి.

ఈలోగా వాదించకండి. అలాగని "అవున్రా, నిజమే" అని వంత పాడకండి. "నాకైతే ఏమీ వినిపించట్లేదు నాన్నా, కానీ నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది, పక్కనే ఉంటాను" అంటే చాలు. ఆ సమయంలో దుప్పటి లాగేసి టీవీ పెట్టి చూపించి "ఏముందిరా ఇందులో" అనే నాన్నలే ఎక్కువ. దాని వల్ల అనుమానం మీ మీదికి మళ్ళుతుంది, అంతే.

రాత్రిపూట ఒక్కసారిగా తిరగబడితే ఎవరికి ఫోన్ చేయాలి?

ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉన్నా, చచ్చిపోతానని అంటున్నా 108కి గానీ 112కి గానీ చేయండి. కత్తులు, బైక్ తాళాలు, మేడ మీది తలుపు ముందు చూసుకోండి. ఏం చేయాలో తోచక సలహా కావాలంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటు మాన్పించే విషయానికి 14446 ఉంది. 1972 అనేది రాష్ట్రంలో మాదక ద్రవ్యాల మీద ఫిర్యాదులు తీసుకునే ఈగల్ విభాగం నంబరు. సరుకు ఎక్కడ అమ్ముతున్నారో చెప్పడానికి అది పనికొస్తుంది, ఇంట్లో మనిషిని శాంతపరచడానికి కాదు.

మా ఆయన రోజూ తాగేవారు. మానేసిన మూడో రోజు నుంచి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటున్నారు, చేతులు వణుకుతున్నాయి. మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళాలా?

ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి గానీ, దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి గానీ వెంటనే తీసుకెళ్ళండి. ఏళ్ళ తరబడి తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 2 నుంచి 4 రోజుల మధ్య ఇలా వస్తుంది. చెమటలు, వణుకు, ఎక్కడున్నారో తెలియకపోవడం, పురుగులూ ఎలకలూ కనిపించడం, కొందరికి ఫిట్స్. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇంట్లో గ్లూకోజు నీళ్ళు పట్టి పడుకోబెట్టకండి. అక్కడ వణుకు, ఆందోళన తగ్గించే మందులతో పాటు విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇస్తారు, అది చాలా ముఖ్యం.

ఇదే మద్యం వల్ల ఇంకో రకం కూడా వస్తుంది. మనిషి తెలివిలోనే ఉంటాడు, తేదీ అడిగితే చెబుతాడు, కానీ ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తాయి. దానికి ఆ ప్రాణభయం లేదు గానీ సైకియాట్రిస్ట్ చూడాల్సిందే.

గంజాయి ముట్టలేదని ఒట్టేస్తున్నాడు. ఇంక వేరే ఏ మందుల వల్లైనా ఇలా అవుతుందా?

అవుతుంది. ఆయాసానికో కీళ్ళనొప్పులకో పెద్ద డోసులో వాడే స్టెరాయిడ్లు, టీబీకి వాడే ఐసోనియాజిడ్, పార్కిన్సన్స్ మాత్రలు కొందరిలో మతి చెదరగొడతాయి. దగ్గు సిరప్ సీసాలకు సీసాలు తాగేవాళ్ళలో, వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లల్లో చూస్తాం. నాటు వైద్యంలోనో ఆకతాయితనంగానో ఉమ్మెత్త కడుపులోకి పోతే కంటిపాప పెద్దదై, నోరు ఎండిపోయి, ఒళ్ళు కాలిపోతూ గాలిలో ఏదో ఏరుతుంటారు. ఇది ఎమర్జెన్సీ. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక కవర్లో వేసి పట్టుకెళ్ళండి.

జ్వరం కూడా ఉంది. ముందు దేనికి చూపించాలి?

జ్వరానికే. జ్వరం, ఫిట్స్, మెడ బిగుసుకోవడం, తలకి దెబ్బ, తెలివి వస్తూ పోతూ ఉండడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మెదడుకి సంబంధించిన శారీరక సమస్య కావచ్చు. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళలో మెదడుకి ఎక్కిన మలేరియా కూడా ఇలాగే పిచ్చిమాటలతో మొదలవుతుంది. "గంజాయి కొట్టాడు కదా" అన్న మాట ముందే చెప్పేస్తే ఈ పరీక్షలు వెనకపడిపోయే ప్రమాదం ఉంది. రెండూ చెప్పండి, జ్వరం సంగతి ముందు చెప్పండి.

## డాక్టర్ దగ్గర

డ్రగ్ వల్ల వచ్చినదానికీ అసలు జబ్బుకీ తేడా ఎలా కనిపెడతారు?

అన్నిటికన్నా ముందు వరస చూస్తారు. గంజాయి ముందా, మార్పు ముందా? మనిషి మామూలుగా ఉండి, నెలలుగా గంజాయి ఎక్కువై, ఆ తర్వాత వారంలోనో రెండు వారాల్లోనో అనుమానాలు మొదలైతే వేలు గంజాయి వైపు చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-10 కూడా, వాడిన రెండు వారాల లోపు మొదలవ్వాలనే అంటుంది. అలా కాక, ఇంటర్‌లోనే స్నేహితుల్ని తగ్గించుకుని, స్నానం మానేసి, రాత్రంతా మేలుకుని, ఆ తర్వాతెప్పుడో గంజాయి మొదలైతే కథ వేరు. లోపల టెన్షన్ తట్టుకోలేక, నిద్ర కోసం గంజాయి పట్టినవాళ్ళు చాలామందే ఉంటారు. ఇంట్లోవాళ్ళకి మాత్రం గంజాయే కనిపిస్తుంది.

రెండోది, మానేశాక ఎన్నాళ్ళుంది అన్నది. డ్రగ్ వల్ల వచ్చినది మానేసిన కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గుముఖం పడుతుంది. అమెరికా వైద్యులు వాడే మానసిక జబ్బుల పట్టిక డీఎస్‌ఎం-5 దాదాపు ఒక నెలని గీతగా పెట్టుకుంది. ఐసీడీ-10 కొంచెం సడలింపు ఇచ్చి, నెలలో కొంతైనా, 6 నెలల్లో పూర్తిగా తగ్గాలంటుంది. స్కిజోఫ్రీనియా అనాలంటే డీఎస్‌ఎం లెక్కలో మొత్తం మీద 6 నెలలు ఆ మార్పులు ఉండాలి.

మూడోది, లక్షణాల తీరు. దీని మీద నేనైతే అంతగా ఆధారపడను, ఎందుకంటే పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా మనుషుల్లో ఉండదు. అయినా చెబుతాను. కళ్ళకి ఏవో కనిపించడం, చర్మం కింద పురుగులు పాకినట్టుండడం డ్రగ్స్‌లో ఎక్కువ, ముఖ్యంగా కొకైన్, మెత్ (మెథాంఫెటమిన్) లాంటి వాటిలో. ఇద్దరు ముగ్గురు తన గురించి మాట్లాడుకుంటున్నట్టు నెలల తరబడి వినిపించడం, ముఖంలో భావం పోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం, మాట తగ్గిపోవడం స్కిజోఫ్రీనియాలో ఎక్కువ. డ్రగ్ వల్ల వచ్చినవాళ్ళలో కొందరు "ఇది నేను కొట్టినదాని వల్లేనేమో" అని మధ్యలో సందేహపడతారు. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, వేలకు వేలు ఖర్చుపెడుతూ, తాను గొప్పవాణ్ణని చెప్పుకుంటుంటే బైపోలార్ గురించి ఆలోచిస్తారు.

మెత్ వల్ల వచ్చే అనుమానాలు స్కిజోఫ్రీనియాకి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. మొదటి రోజు చూసి ఇది అదే అని ఖాయంగా చెప్పేవాళ్ళని నమ్మకండి.

మూత్ర పరీక్షలో గంజాయి పాజిటివ్ వచ్చింది. ఇక దానివల్లే కదా?

వాడాడని తెలిసింది, అంతవరకే. దాని వల్లే వచ్చిందని తేలలేదు. రోజూ తాగేవాళ్ళ మూత్రంలో మానేసిన మూడు నాలుగు వారాలకి కూడా కనిపించవచ్చు. ఎప్పుడో ఒకసారి తాగినవాళ్ళలో కొన్ని రోజులే ఉంటుంది. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి కూడా గంజాయి తాగొచ్చు కదా. నెగటివ్ వచ్చినా నిశ్చింత లేదు. ల్యాబుల్లో సాధారణంగా వాడే కిట్లు ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుని పట్టవు, గంజాయిలా పనిచేసే సింథటిక్ సరుకునీ పట్టవు.

బ్రెయిన్ స్కాన్ తీయిస్తే తేలిపోదా?

తేలదు. గడ్డలు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లాంటివి లేవని చూసుకోవడానికే స్కాన్. "ఇది గంజాయిది, ఇది స్కిజోఫ్రీనియాది" అని చెప్పే స్కాన్ లేదు, రక్త పరీక్షా లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

తేదీలు. ఇది ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. "ఈమధ్యే సార్", "కొంతకాలంగా" అన్న మాటలతో డాక్టర్ ఏమీ తేల్చలేరు.

ఒకసారి ఒకావిడ గోడ క్యాలెండరే చుట్టి చంకలో పెట్టుకొచ్చారు. గ్యాస్ బండ బుక్ చేసిన తేదీ పక్కనే "రాత్రంతా లేచే ఉన్నాడు" అని పెన్సిల్‌తో రాసి ఉంది. అమావాస్యకి అమావాస్యకి ఎక్కువవుతోందని ఆవిడ అనుమానం. అందుకే రాసుకున్నారు. డాక్టర్ వెనక పేజీలు తిప్పుతూ పోయారు. వేసవిలోనే "అన్నానికి రాలేదు", "గది తలుపు తీయలేదు" అని ఉన్నాయి. అబ్బాయి గంజాయి మొదలెట్టింది కాలేజీ తెరిచాక, వర్షాల్లో. గంజాయి వల్లే అనుకుంటూ వచ్చిన ఇంటివాళ్ళకి ఆ కాగితమే వేరే దారి చూపించింది.

కాబట్టి ఇవి రాసుకోండి: మామూలుగా ఉన్న ఆఖరి రోజులు ఎప్పుడు, మొదట తేడా అనిపించింది ఎప్పుడు, ఏ సరుకు ఎప్పటి నుంచి ఎంత, ఆఖరిసారి ఎప్పుడు, నిద్ర ఎలా ఉంది. మేనమామల్లో, బాబాయిల్లో, తాతల్లో ఎవరికైనా ఇలా ఉండేదా అన్నది కూడా. సంబంధాలు చెడతాయని ఈ ఆఖరిది దాచేస్తారు. స్నేహితుడిని ఒకణ్ణి పక్కకి పిలిచి అడిగితే ఇంట్లో తెలియని సగం కథ తెలుస్తుంది.

హాస్టల్ గదిలో నలుగురూ గంజాయి కొట్టారు. మా వాడికే ఎందుకొచ్చింది?

గంజాయి తాగిన చాలామందికి సైకోసిస్ రాదు. అందుకే ఆ ముగ్గురూ మీకు ఎదురుగా మామూలుగా తిరుగుతున్నారు. ఎంత చిన్న వయసులో మొదలైంది, రోజూనా అప్పుడప్పుడా, సరుకు ఎంత ఘాటు, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా, వరసగా ఎన్ని రాత్రులు నిద్ర లేదు: ఇవన్నీ కలిసి పడతాయి. సాధారణంగా స్కిజోఫ్రీనియా వందలో ఒకరికి వస్తుందనుకుంటే, తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉన్నవాళ్ళలో అది పది మందిలో ఒకరి దాకా ఉంటుంది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,000 మందికి పైగా కుర్రాళ్ళని చూసి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్ళకి ఆ తర్వాత స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం ముట్టనివాళ్ళకన్నా 6 రెట్లు కనిపించింది.

ఇక్కడ దొరికేది మన మన్యంలో పండిన ఆకే కదా? కెమికల్ డ్రగ్ కాదు కదా?

ఈ మాట పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ అంటారు. మతి మీద పనిచేసేది అందులోని టీహెచ్‌సీ అనే పదార్థం. అది చెట్టు నుంచి వచ్చినా దాని పని అదే. చింతపల్లి, జి.మాడుగుల వైపు శీలావతి అని పేరుపడ్డ రకానికి గిరాకీ అంతా దాని ఘాటు వల్లే. ఐరోపాలోని పలు నగరాలతో పాటు బ్రెజిల్‌లో కూడా చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ ఘాటు రకం వాడేవాళ్ళకి సైకోసిస్ అవకాశం అసలు వాడనివాళ్ళకన్నా దాదాపు 5 రెట్లు కనిపించింది.

గంజాయి చాక్లెట్లు, భంగు మరో చిక్కు. పొగలా నిమిషాల్లో ఎక్కదు, గంట రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని ఇంకోటి తింటారు. ఆ తర్వాత ఎక్కేది చాలాసేపు దిగదు.

మొదట చీటీలో ఒక పేరు రాశారు, మూడు నెలలకి ఇంకో పేరు రాశారు. ముందు డాక్టర్ తప్పు చేశారా?

చాలాసార్లు తప్పేమీ ఉండదు. మొదటి రోజుకి తెలిసినదాన్ని బట్టి ఒక పేరు రాస్తారు, ఆ తర్వాత నెలల్లో కనిపించినదాన్ని బట్టి మారుస్తారు. పేరు కోసం డాక్టర్లు మారుతూ తిరిగితే నష్టమే, ఎందుకంటే ప్రతి కొత్త డాక్టరూ మళ్ళీ మొదటి రోజు నుంచే చూడాలి. మారక తప్పకపోతే పాత చీటీలన్నీ వెంట ఉండాలి.

## చికిత్సలో

గంజాయి మానేస్తే అదే పోతుందన్నారు. మరి మాత్రలెందుకు?

కొందరికి నిజంగానే మానేసి నిద్రపోతే చాలు. కానీ భయంతో తలుపు వేసుకున్న మనిషిని, తిండి మానేసిన మనిషిని, తమ్ముడి మీద చేయి చేసుకుంటున్న మనిషిని "నెల చూద్దాం" అని వదిలేయలేం. ఏ కారణంతో వచ్చిందన్నది తేలేలోగా చికిత్స ఆగదు. ఓలాంజపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటివి రెండు రకాలకీ పనిచేస్తాయి. ఆందోళన తగ్గడానికి, నిద్రకి మొదటి రోజుల్లో లోరాజెపామ్ లాంటిది కలుపుతారు. మాత్రలు వేసుకుంటూ గంజాయి కూడా కొనసాగిస్తే మాత్రం ఏది పనిచేస్తోందో, ఏది చెడగొడుతోందో ఎవరికీ తెలియదు.

ఈ మాత్రలు జీవితాంతం వాడాలా?

డ్రగ్ వల్లే వచ్చి, పూర్తిగా తగ్గి, మళ్ళీ ముట్టకుండా ఉంటే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో డాక్టర్ మెల్లగా తగ్గించి ఆపేయవచ్చు. స్కిజోఫ్రీనియా అయితే మొదటిసారి తగ్గాక కూడా ఒకటి రెండేళ్ళు కొనసాగించమనడం మామూలు, కొందరికి ఇంకా ఎక్కువ. "బాగానే ఉన్నాడు కదా" అని పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆపేయడం మన దగ్గర ఎక్కువ. ఆపిన మర్నాడే ఏమీ కాదు. వారాల తర్వాత తిరగబెడుతుంది, అప్పటికి ఆపిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంజెక్షన్ చేసిన మర్నాడు మెడ ఒక పక్కకి తిరిగిపోయింది, నాలుక బయటికొచ్చేస్తోంది. భయమేస్తోంది.

చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ త్వరగా తగ్గుతుంది. హాలోపెరిడాల్ లాంటి మందులకి, అందులోనూ కుర్రవాళ్ళలో, మొదటి రోజుల్లో కండరాలు ఇలా పట్టేస్తాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్తే విరుగుడు ఇంజెక్షన్ చేస్తారు, కాసేపట్లో వదులుతుంది. మింగడం, ఊపిరి కష్టమైతే అసలు ఆలస్యం చేయకండి. తర్వాత డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ట్రైహెక్సీఫెనిడిల్ కలపడమో చేస్తారు. దయ్యం మెడ తిప్పిందని వెనక్కి ఇంటికి తీసుకుపోయినవాళ్ళున్నారు, అందుకే ఇంత చెబుతున్నాను.

నాకేం రోగం లేదంటాడు, రానంటాడు. బలవంతంగా చేర్చవచ్చా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దారి ఉంది. ఆ చట్టం మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. తనకో ఇతరులకో హాని జరిగేలా ఉన్నా, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉన్నా, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 89వ సెక్షన్ కింద 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఎమర్జెన్సీలో 72 గంటల వరకు చికిత్స ఇవ్వడానికి 94వ సెక్షన్ ఉంది. మన దగ్గర చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఈ పనికి మొదటి చోటు.

అబద్ధం చెప్పి తీసుకురావడం, "ఉద్యోగం ఇంటర్వ్యూ" అని కారెక్కించడం లాంటివి ఆ రోజుకి పనిచేస్తాయి. ఆ తర్వాత మీరు ఇచ్చే మాత్ర కూడా నమ్మడు.

డీఅడిక్షన్ సెంటర్‌లో వేయాలా, మానసిక ఆసుపత్రిలోనా?

మాటలు వినిపిస్తూ, అనుమానాలు ఉన్నంతకాలం సైకియాట్రిస్ట్ ఉన్న చోటే. తేరుకున్నాక అలవాటు మాన్పించే పని మొదలవుతుంది. సైకోసిస్‌లో ఉన్నవాడికి గుంపులో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే చెవికెక్కదు. ప్రైవేటు సెంటర్ అయితే మూడు అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తారు, మేం ఎప్పుడు వచ్చి చూడొచ్చు. మూడు నెలలు మొహం చూపించం అంటే అక్కడ వేయకండి.

పెద్దవాళ్ళు చిల్లంగి పెట్టారంటున్నారు. తాయెత్తు కట్టించమంటున్నారు.

తాయెత్తు కట్టించండి, సింహాచలం తీసుకెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. మాత్రలు ఆపొద్దు. కొట్టడం, వాత పెట్టడం, పొగ పట్టడం, పస్తు ఉంచడం కుదరదు. మానసిక అనారోగ్యం ఉన్న మనిషిని గొలుసులతో కట్టడాన్ని చట్టమే నిషేధించింది.

## తేరుకున్నాక

మానేసి నెల దాటింది. ఇంకా మాటలు వినిపిస్తున్నాయంటాడు. ఇంకా ఆ మత్తేనా?

నిజంగా మానేశాడా అన్నది ముందు తేల్చుకోండి. తిట్టకుండా అడిగితేనే తెలుస్తుంది, అవసరమైతే పరీక్ష ఉంది. నిజంగా మానేసి, మాత్రలు సరిగ్గా వేసుకుంటూ కూడా నెల దాటి ఉంటే, దీన్ని గంజాయి ఖాతాలో వేసి ఊరుకోవడానికి లేదు. డాక్టర్ జబ్బు పేరు మళ్ళీ ఆలోచిస్తారు. ఇంట్లోవాళ్ళు గంజాయి పేరునే పట్టుకు వేలాడడం నేను తరచూ చూస్తాను. "అలవాటు" అంటే మానేస్తే పోతుందన్న ఆశ, "స్కిజోఫ్రీనియా" అంటే భయం. ఆ ఆశతో ఆలస్యమైన నెలలు తిరిగిరావు. మొదట్లో త్వరగా చికిత్స అందినవాళ్ళే బాగా తేరుకుంటారు.

పూర్తిగా తగ్గిపోయింది. మళ్ళీ వస్తుందా? స్కిజోఫ్రీనియాగా మారుతుందా?

కొందరిలో మారుతుంది. 2020లో ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు, డ్రగ్స్ వల్ల సైకోసిస్ వచ్చినవాళ్ళలో నూటికి 25 మందికి తర్వాత స్కిజోఫ్రీనియా తేలింది. విడిగా చూస్తే గంజాయి వల్ల వచ్చినవాళ్ళలో 34, మద్యం వల్ల వచ్చినవాళ్ళలో 10 లోపు. 2018లో ప్రచురించిన డెన్మార్క్ రికార్డుల పరిశోధనలో స్కిజోఫ్రీనియాకి మారినవాళ్ళలో సగం మంది దాదాపు మూడేళ్ళలోపే మారారు.

ఈ అంకెల్ని రెండు వైపులా చదవాలి. గంజాయి వల్ల వచ్చినవాళ్ళలో కూడా ఎక్కువమందికి అలా జరగలేదు. అలాగని "అదేదో గంజాయి వల్ల ఒకసారి" అని కొట్టిపారేయడానికీ లేదు. మాత్రలు ఆపేశాక కూడా కనీసం రెండు మూడేళ్ళు, కొన్ని నెలలకోసారైనా చూపించుకోండి. నిద్ర తగ్గడం, గదిలో ఒంటరిగా ఉండిపోవడం, ఫోన్ మీద అనుమానం: మొదటిసారి ఏవి ముందు కనిపించాయో అవే సాధారణంగా మళ్ళీ ముందు కనిపిస్తాయి.

ఇంతకుముందులా కాదు, ఎప్పుడైనా రుషికొండలో ఫ్రెండ్స్‌తో ఒకసారి గంజాయి కొడితే?

ఒకసారి సైకోసిస్ వచ్చినవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు. ముందుకన్నా తక్కువకే, త్వరగానే తిరగబెట్టవచ్చు. ఇక్కడ నేను మెత్తగా చెప్పను.

సిగరెట్ కూడా మానేశాడు. మంచిదే కదా?

చాలా మంచిది, కానీ డాక్టర్‌కి చెప్పండి. పొగ వల్ల ఓలాంజపిన్, క్లోజపిన్ ఒంట్లో త్వరగా విరిగిపోతాయి. మానేస్తే అదే డోసుకి రక్తంలో మందు పెరిగి మత్తుగా, మందకొడిగా అయిపోతారు. డోసు చూసుకోవాల్సి రావచ్చు. మళ్ళీ మొదలెడితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది.

ఆసుపత్రికి వెళ్తే గంజాయి కేసు పెడతారా?

చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. ఇప్పటికే వాడకానికో, చిన్న మొత్తానికో కేసు ఉన్నవాళ్ళు ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన చోట తమంతట తాము డీఅడిక్షన్ చికిత్సకి ముందుకొస్తే, మాదక ద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకం, రవాణా కేసులకి ఇది వర్తించదు, వాటికి లాయర్‌ని కలవండి. భయపడి డాక్టర్ దగ్గర గంజాయి సంగతి దాచడం వల్ల మాత్రం చికిత్సే దెబ్బతింటుంది.

ఇన్సూరెన్స్ వస్తుందా?

శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. చిక్కు ఎక్కడంటే, చాలా పాలసీల్లో మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చిన ఖర్చులకి మినహాయింపు రాసి ఉంటుంది. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఏ పేరు ఉందన్నది ఇక్కడ డబ్బు విషయం కూడా. అబద్ధం రాయమని అడగకండి. కారణం ఇంకా తేలకపోతే "ఇంకా నిర్ధారణ కాలేదు" అని ఉన్నదున్నట్టు రాయమని అడగడంలో తప్పు లేదు.

పెళ్ళి చేస్తే కుదురుకుంటాడంటున్నారు బంధువులు.

కుదురుకోడు. నిద్ర లేని పెళ్ళి రాత్రులు, కొత్త బాధ్యత, దాచిపెట్టిన మాత్రలు: తిరగబెట్టడానికి కావలసినవన్నీ ఒక్క నెలలో సమకూరుతాయి. పైగా విషయం తెలియని ఒక అమ్మాయి జీవితం మధ్యలోకి వస్తుంది. తేరుకుని, చదువో పనో పట్టాలెక్కి, తనే అడిగినప్పుడు, అవతలివాళ్ళకి చెప్పి చేయండి. చెబితే సంబంధం రాదంటారు. కొన్ని రావు, నిజమే.

స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. నైట్ షిఫ్ట్‌కి పంపొచ్చా?

మొదటి కొన్ని నెలలు వద్దు. నిద్ర చెడితే సైకోసిస్ తిరగబెట్టడం సులువు. మత్తుగా ఉండే మాత్రలతో యంత్రాల దగ్గర, ఎత్తుల మీద పని ప్రమాదం. జబ్బు పేరు రాయకుండానే "రాత్రి విధులు వద్దు" అని డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వగలరు. బైక్ సంగతీ అంతే, డాక్టర్ సరేనన్నాకే.

ఇంటర్ చదివే తమ్ముడున్నాడు. వాడికి చెప్పాలా, దాచాలా?

చెప్పండి. వాడికి చాలావరకు ముందే తెలుసు. అన్న గది తలుపు దగ్గర విన్నవి వాడి దగ్గర ఉన్నాయి, అడిగేవాళ్ళే లేరు. రక్తసంబంధం వల్ల గంజాయితో వాడికి ముప్పు మిగతా పిల్లలకన్నా ఎక్కువని సూటిగా చెప్పండి. అన్నని ఉదాహరణగా చూపించి భయపెట్టకండి, అన్న వింటాడు. వాడికి నిద్ర పట్టకపోయినా, చదువు మీద మనసు నిలవకపోయినా మీకు చెప్పొచ్చని తెలియాలి. అన్న గొడవలో పడి మూడు నెలలుగా వాడి మార్కులు ఎవరూ అడగలేదన్న సంగతి ఒక్కోసారి నా ముందే బయటపడుతుంది.